నా పంటి కింద ఐదు మిల్లీమీటర్లు

"మూడు, రెండు, మూడు. మూడు, మూడు, ఐదు. ఐదు, నాలుగు, ఐదు..."

కుర్చీలో వెనక్కి వాలి, నోరు బార్లా తెరిచి, కళ్ళల్లో లైటు కొడుతుంటే పడుకునున్నా. డాక్టరుగారు ఓ సన్నటి పుల్ల లాంటిది చిగురుకీ పంటికీ మధ్య సందులో దింపుతూ నంబర్లు చదువుతున్నారు, పక్కనున్న అమ్మాయి వాటిని కంప్యూటర్లో ఎక్కించుకుంటోంది. ఆ నంబర్లు ఏంటో తెలీకపోయుంటే హాయిగా ఉండేదాన్ని, నా ఖర్మ కొద్దీ నాకు తెలుసు. ఆ పుల్ల పేరు ప్రోబ్, దాని మీద మిల్లీమీటర్ల గీతలుంటాయి. పంటికీ చిగురుకీ మధ్య అందరికీ చిన్న సందు ఉంటుంది, ఒకటి నుంచి మూడు దాకా లోతుంటే ఫర్లేదు, నాలుగూ ఆపైన అయితే అక్కడ పాకెట్ పడిందంటారు, అంటే చిగురు పంటిని వదిలేసి సంచీలా వేలాడుతోందని. ఒక్కో పంటికి ఆరు చోట్ల కొలుస్తారు. నాకు కింద కుడివైపు దవడ పళ్ళ దగ్గర ఐదులు పడుతున్నాయి.

"ఏం చేస్తుంటారండీ మీరు?" అనడిగారు మధ్యలో ఓసారి నా నోరు ఖాళీ చేసి.

"రీసెర్చ్ అండీ. బయోమెటీరియల్స్."

"దేని మీద?"

చెప్పక తప్పలేదు. "చిగుళ్ళ జబ్బుకి వాడే మెంబ్రేన్ల మీద, అంటే చిగురు కింద పెట్టే పల్చటి పొరలు."

మాస్కు వెనకాల నవ్వు కనపళ్ళేదు గానీ కళ్ళు మాత్రం నవ్వాయి. "అయితే తొందరగా పూర్తి చెయ్యండి, మీకే పనికొచ్చేట్టుంది" అన్నారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, నేనేమో సొంత నోరు వదిలేసి ల్యాబులో ఎలకల చిగుళ్ళ గురించి కంగారు పడుతున్నా. సరే, పరువు ఎలాగూ పోయింది కాబట్టి, ఈ సబ్జెక్టు గురించి రాస్తా రాస్తా అని ఎప్పట్నుంచో వాయిదా వేస్తున్న పోస్టు ఇవాళ రాసేస్తున్నా. చిగుళ్ళతో మొదలెట్టి నరాల దాకా వెళ్తుంది, మధ్యలో నా పెదవి గోల కూడా ఉంది, ఓపిక ఉంటే చదవండి.

ఈ జబ్బుతో వచ్చిన చిక్కల్లా ఇది నొప్పి పెట్టదు. పన్ను పుచ్చితే రాత్రంతా నిద్ర పట్టదు కాబట్టి తెల్లారగానే పరిగెడతాం, చిగుళ్ళదేమో బ్రష్ చేసేటప్పుడు కాస్త రక్తం, కాస్త వాసన, అంతే, "బ్రష్ గట్టిగా ఉన్నట్టుంది" అనుకుని మెత్తటి బ్రష్ కొనుక్కుని ఊరుకుంటాం. నేనూ అదే చేశా, అన్నీ తెలిసీ.

అసలు చిగుళ్ళు వాయడానికి కారణం పాచే అని గట్టిగా రుజువైంది 1965లో. డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే ఆయనా, ఆయనతో పనిచేసేవాళ్ళూ కలిసి, చిగుళ్ళు బాగున్న 12 మందిని పట్టుకుని పళ్ళు తోముకోవడం మానేయండి అన్నారు. అంతే ప్రయోగం. ఇంత తేలిగ్గా ఉండి ఇంత తేల్చిపారేసిన ప్రయోగం ఇంకోటి నాకు తెలిసి తక్కువ. 10 నుంచి 21 రోజుల్లో పన్నెండు మందికీ చిగుళ్ళు ఎర్రబడి వాచాయి, మళ్ళీ తోముకోవడం మొదలెట్టమంటే వారం పది రోజుల్లో మామూలైపోయాయి. దీన్ని జింజివైటిస్ అంటారు, ఇక్కడి దాకా వెనక్కి రావడానికి దారుంది.

వెనక్కి రాలేని దశ పెరియోడాంటైటిస్, అంటే పంటిని పట్టుకుని ఉన్న ఎముక కరగడం మొదలవడం. అందరికీ ఇది ఒకేలా రాదనేది కూడా ఆయనే చూపించారు. శ్రీలంకలో తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది మగవాళ్ళని పదిహేనేళ్ళు గమనించి 1986లో రాసిన పేపర్ అది. వాళ్ళెవరికీ బ్రష్షులూ లేవు, డెంటిస్టులూ లేరు, అందరి పళ్ళ నిండా పాచీ గారా, అయినా 8 శాతం మందికి జబ్బు దూసుకుపోయింది, 81 శాతం మందికి మధ్యస్తంగా నడిచింది, 11 శాతం మందికి చిగుళ్ళ వాపు దాటి ముందుకి కదల్లేదు. అంతే పాచి, అదే పని, అదే కొండ, మరి వాళ్ళకెందుకు రాలేదు?

ఎందుకంటే ఎముకని తినేది బాక్టీరియా కాదు, మన ఒంట్లో కణాలే. చిగురు కింద చేరిన బాక్టీరియాని తరమడానికి రక్షణ వ్యవస్థ మంట పెడుతుంది, ఆ మంటలో వచ్చే సిగ్నళ్ళకి ఎముకని కరిగించే ఆస్టియోక్లాస్టులు అనే కణాలు నిద్రలేస్తాయి, అవి ఎముకని వెనక్కి వెనక్కి తినుకుంటూ పోతాయి. ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటారే, అచ్చం అదే. ఆ మంట ఎవరి ఒంట్లో ఎంత మండుతుందనేది మనిషిని బట్టి మారుతుంది, పొగ తాగితే ఎక్కువ, షుగర్ అదుపులో లేకపోతే ఇంకా ఎక్కువ. షుగర్‌తో ఇది రెండువైపులా నడిచే వ్యవహారం కూడా, చిగుళ్ళకి సరైన వైద్యం చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) సగటున 0.4 శాతం దాకా తగ్గుతుందని చాలా ట్రయల్స్ కలిపి చూసి చెప్పారు. షుగర్ ఉన్నవాళ్ళు ఈ ఒక్క లైను గుర్తుపెట్టుకున్నా చాలు.

బాక్టీరియాని మరీ అమాయకుల్ని చేసేశాననుకోకండి. పోర్ఫిరోమొనాస్ జింజివాలిస్ అని ఒకటుంది, సంఖ్యలో చాలా తక్కువే ఉంటుంది గానీ అది చేరితే మిగతా మంచివాళ్ళు కూడా చెడిపోతారు. జింజిపెయిన్లు అని దాని దగ్గర ప్రోటీన్లని కోసే ఎంజైములుంటాయి, వాటితో మన రక్షణ వ్యవస్థని తికమక పెట్టేసి, అదే అదనుగా మొత్తం గుంపు తిని బలిసేట్టు చేస్తుంది. ఊళ్ళో తగువు పెట్టి పక్కన కూర్చుని చూసే రకం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 రిపోర్టులో చిగుళ్ళ జబ్బు ముదిరినవాళ్ళు ప్రపంచంలో వంద కోట్ల మంది పైనే అని రాశారు. ఆ లెక్కన నాకు తోడు చాలామందే ఉన్నారు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ముక్క. పన్ను దవడ ఎముకలో మేకు దిగ్గొట్టినట్టు దిగి ఉంటుందని అందరం అనుకుంటాం, అసలు పన్ను ఎముకని తాకనే తాకదు. రెండింటికీ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల ఖాళీ, అంటే రెండు కాగితాలు పట్టేంత, దాన్నిండా పీచు పీచుగా తాళ్ళు, ఒక కొస పంటి వేరులోకి, ఇంకో కొస ఎముకలోకి దూరి ఉంటాయి. పన్ను ఆ తాళ్ళ మీద ఊయల్లా వేలాడుతుందన్నమాట. పెరియోడాంటల్ లిగమెంట్ దాని పేరు. ఆ కాస్త సందులోనే రక్తనాళాలు, నరాల కొసలు, మళ్ళీ కొత్త కణాలు పుట్టించే మూలకణాలు అన్నీ సర్దుకుని ఉంటాయి.

పంటి కింద రాయి పడితే ప్రాణం ఝల్లుమంటుంది కదా, అది పన్ను కనిపెట్టేది కాదు, ఆ తాళ్ళ మధ్యనున్న నరాల పని. పళ్ళ మధ్య 10, 20 మైక్రాన్ల రేకు పెట్టినా మనకి తెలిసిపోతుంది, వెంట్రుక మందం అంతకి మూడు నాలుగు రెట్లుంటుంది. పన్ను ఊడిపోయి టైటానియం ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్ళకి ఆ సున్నితం ఉండదు, ఎందుకంటే ఇంప్లాంట్ నేరుగా ఎముకకే అతుక్కుంటుంది, మధ్యలో తాళ్ళూ లేవు, ఆ నరాలూ లేవు. టైటానియం ఎముకకి అలా అతుక్కుపోతుందని 1950ల్లో బ్రేన్‌మార్క్ కుందేళ్ళ కాళ్ళలో చూశారు, 1965లో మొదటిసారి మనిషికి పెట్టారు, అప్పట్నుంచీ ఎన్ని కోట్ల మంది నములుతున్నారో, దాన్ని తీసిపారేయట్లేదు. కానీ నమలడం వేరు, ఏం నములుతున్నామో పంటికి తెలియడం వేరు. నాకైతే ఊడేదాకా ఆగి ఇంప్లాంట్ వేయించుకుంటాలే అనే ధీమా చూస్తే ఒళ్ళు మండుతుంది, నిన్నటిదాకా నా ధీమా కూడా అదే కాబట్టి ఇంకాస్త ఎక్కువ మండుతోంది.

సరే, ఆ తాళ్ళు తెగిపోయి ఎముక కరిగాక మళ్ళీ పెంచగలమా? ఇక్కడే మెటీరియల్స్ వాళ్ళం రంగంలోకి దిగుతాం.

డాక్టరు చిగురు తెరిచి లోపలంతా శుభ్రం చేసి మూసేశారనుకోండి, లోపల ఓ ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ కోసం నాలుగు రకాల కణాలు పరుగు పందెం పెట్టుకుంటాయి, చిగురు పైచర్మం కణాలు, చిగురు కింది మెత్తటి కణజాలం, ఎముక కణాలు, లిగమెంట్ కణాలు. ఎవరు ముందొచ్చి వేరు మీద కూర్చుంటే గాయం వాళ్ళ తీరుగా మానుతుంది, ఇది 1976లో మెల్చర్ చెప్పిన మాట. చర్మం కణాలు మహా చురుకు, రోజుల్లో జారుకుంటూ వచ్చి వేరు పొడుగునా కూర్చుంటాయి, పైకి గాయం మానినట్టే ఉంటుంది గానీ లోపల తాళ్ళూ ఉండవు, ఎముకా ఉండదు. తాళ్ళు అల్లగలిగేది లిగమెంట్ కణాలు ఒక్కటే, అవేమో నత్తనడక.

మరి నత్తని గెలిపించాలంటే ఏం చెయ్యాలి? బస్సు కిటికీలోంచి సీట్లో కర్చీఫ్ వెయ్యాలి. 1982లో స్వీడన్‌లో నైమన్ వాళ్ళు చేసింది అదే, ఒక మనిషి పంటి దగ్గర చిగురుకీ వేరుకీ మధ్యన ల్యాబుల్లో వడకట్టడానికి వాడే ఫిల్టర్ కాగితం లాంటి మిల్లీపోర్ ఫిల్టర్ ముక్క అడ్డం పెట్టి కుట్టేశారు. మూడు నెలల తర్వాత ఆ పన్ను తీసి మైక్రోస్కోపు కింద చూస్తే వేరు మీద కొత్త తాళ్ళు మొలిచి ఉన్నాయి. పైనుంచి వచ్చే చర్మాన్ని అడ్డం ఆపింది, కిందనుంచి వచ్చే నత్తలకి టైమిచ్చింది. ఆ ముక్క ఏ మందూ వదల్లేదు, ఏ కణాన్నీ పిలవలేదు, ఊరికే అడ్డం కూర్చుంది.

తర్వాత ఈపీటీఎఫ్‌ఈ వచ్చింది, అదేనండీ వానకి తడవని గోర్‌టెక్స్ జాకెట్లలో వాడుతూ వచ్చిన పదార్థం, బాగా పనిచేసింది గానీ అది కరగదు కాబట్టి నెలన్నరకి మళ్ళీ చిగురు కోసి బయటికి తియ్యాలి, సీటు దొరికాక కర్చీఫ్ తీసుకోవడానికి ఇంకో ఆపరేషన్. అందుకని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌తో చేసిన మెంబ్రేన్లు, వాటంతట అవే కరిగిపోయేవి, వచ్చాయి. ఇప్పుడు ఎక్కువగా వాడేది వాటినే. అయితే అవి కొంతమందిలో మరీ తొందరగా కరిగిపోతాయి, నత్త ఇంకా దారిలో ఉండగానే కర్చీఫ్ మాయం. పంది పిల్లల పంటి మొగ్గల నుంచి తీసిన ఎనామెల్ ప్రోటీన్ల జెల్ ఒకటి 1990ల్లో వచ్చింది, అదీ మంచి ఫలితాలే ఇస్తుంది, దాని కథ ఇంకోసారి.

నా పని ఆ కరిగే టైము దగ్గరే. మేం చేసేది ఎలక్ట్రోస్పిన్నింగ్. పేరు పెద్దది గానీ చూస్తే సాలీడు పని. పాలిమర్‌ని, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థాన్ని, దాన్ని కరిగించే సాల్వెంట్‌లో కలిపి తేనెలా చిక్కగా చేసి సిరంజిలో పోస్తాం, సూదికి 15 వేల వోల్టుల కరెంటు, ఎదురుగా ఓ జానెడు దూరంలో రేకు. సూది మొనన బొట్టు ముందు గుండ్రంగా ఉంటుంది, వోల్టేజి పెంచేకొద్దీ అది సాగి సాగి గరాటు తిరగేసినట్టు కొన తేలుతుంది, ఓ క్షణంలో ఆ కొన నుంచి కంటికి కనపడీ కనపడని దారం కొరడాలా కొట్టుకుంటూ వెళ్ళి రేకు మీద పడుతుంది. సాల్వెంట్ గాల్లోనే ఆరిపోతుంది. నాలుగైదు గంటలు వదిలేస్తే రేకు మీద టిష్యూ పేపరంత పల్చటి తెల్లటి పొర, పట్టకారుతో అంచు పట్టి లాగితే చిన్న చప్పుడుతో ఊడి వస్తుంది. ఆ చప్పుడు కోసమే నేను ఈ పీహెచ్‌డీలో ఇంకా ఉన్నానేమో అనిపిస్తుంది అప్పుడప్పుడు.

అన్ని రోజులూ అలా ఊడిరాదు. వర్షం పడ్డ రోజు గాల్లో తేమ ఎక్కువై దారం మీద సన్నటి గుంటలు పడతాయి, ద్రావణం కాస్త పల్చగా కలిస్తే దారానికి పూసలు గుచ్చినట్టు బుడిపెలు వస్తాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు స్లాటు కోసం రెండు వారాలు ఆగి, తీరా చూస్తే నా శాంపిల్ నిండా పూసలే, జపమాల చేసుకోవచ్చు. మా సార్ స్క్రీన్ వంక చూసి ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది.

మేం ఎక్కువగా వాడే పీసీఎల్ అనే పాలిమర్‌కి ఉన్న జబ్బు ఇంకోటి, అది ఒంట్లో కరగడానికి రెండు మూడేళ్ళు పడుతుంది, మాకు కావాల్సిందేమో ఓ ఆరు వారాలు గట్టిగా నిలబడి తర్వాత మెల్లగా తప్పుకునేది. పీఎల్‌జీఏ అనే ఇంకో పాలిమర్ తొందరగా కరుగుతుంది గానీ కరిగేటప్పుడు లాక్టిక్, గ్లైకోలిక్ ఆసిడ్లు వదులుతుంది, అసలే వాచి ఉన్న చిగురు కింద ఆసిడ్ పోస్తే ఎలా ఉంటుందో చూడండి. ఈ రెంటినీ ఏ పాళ్ళలో కలపాలి, కొల్లాజెన్ ఎంత చేర్చాలి, ఇదే మూడేళ్ళుగా నా బతుకు. అందరూ రీసెర్చ్ అంటే ఏదో కొత్త కణాలు కనిపెట్టడం అనుకుంటారు, నేను చేసేది ఎక్కువ భాగం ఒక పొర ఎన్నో రోజుకి చిరుగుతుందో లెక్కెట్టుకోవడం.

ఇక పెదవి సంగతి. ఇదే కుడివైపు, కింద జ్ఞానదంతం రెండేళ్ళ కిందట తీయించుకున్నా, ఇంకో డాక్టరు దగ్గర. మత్తు దిగింది, నాలుక తేరుకుంది, బుగ్గ తేరుకుంది, కింది పెదవి కుడి సగమూ, గడ్డమూ మాత్రం మొద్దుబారినవి మొద్దుబారినట్టే ఉండిపోయాయి. నీళ్ళు తాగితే పెదవి చివరి నుంచి కారేవి, నాకు తెలిసేది కాదు, ఎదుటివాళ్ళు చూసి చెప్తే తుడుచుకునేదాన్ని. ఫోన్ చేస్తే "అదే తగ్గుతుందమ్మా" అని పెట్టేశారు. తీసేముందు ఇలా అవ్వచ్చని ఒక్క మాట చెప్పుంటే నేను అంత భయపడేదాన్ని కాదు, అదే నా కోపం.

కింది దవడ ఎముక లోపల ఓ సొరంగం ఉంటుంది, అందులోంచి ఒక నరం వెళ్ళి గడ్డం దగ్గర బయటికొచ్చి పెదవికి స్పర్శ ఇస్తుంది. జ్ఞానదంతం వేర్లు కొందరికి ఆ సొరంగం మీదే కూర్చుని ఉంటాయి, తీసేటప్పుడు నరం నలుగుతుంది. ఎక్కువమందికి వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుంది, ఎప్పటికీ ఉండిపోయేది నూటికి ఒకరి కంటే తక్కువ మందికి.

నరం నలిగితే లోపల ఏమవుతుందో మొదట చూసినాయన ఆగస్టస్ వాలర్, 1850లో, అదీ కప్ప నాలుక నరాల్లో. నరం కోసేస్తే కోసిన చోటు నుంచి కొస దాకా ఉన్న ముక్క మొత్తం చచ్చి ముక్కలైపోతుంది, ఇటు మెదడు వైపున్నది బతికే ఉంటుంది. వినడానికి ఘోరంగా ఉంది గానీ తర్వాత జరిగేది అద్భుతం. నరానికి తొడుగుగా ఉండే ష్వాన్ కణాలు చావవు, అవి పాత వేషం తీసేసి చెత్త ఊడవడం మొదలెడతాయి, చెత్త మింగే మాక్రోఫేజులు అనే కణాలు వచ్చి సాయం పడతాయి, ఊడ్చాక ఆ ష్వాన్ కణాలే వరసగా నిలబడి ఇటొచ్చెయ్ ఇటొచ్చెయ్ అని పట్టాల్లా దారేస్తాయి. ఇటువైపు బతికున్న నరం ఆ పట్టాల మీద మెల్లగా పాకుతుంది, రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు. వెన్నుపాములో, మెదడులో ఈ ఏర్పాటు లేదు, అక్కడి తొడుగు కణాలు వేరే జాతి, దారి ఇవ్వకపోగా పెరగద్దని సిగ్నల్ ఇస్తాయి, అందుకే వెన్నుపాము దెబ్బ అంత మొండిది.

రోజుకి మిల్లీమీటరు అని తెలిశాక నేనేం చేశానంటే, అద్దం ముందు నిలబడి స్కేలు పెట్టి జ్ఞానదంతం ఉన్న చోటు నుంచి పెదవి దాకా కొలుచుకున్నా. ఆరు సెంటీమీటర్లు వచ్చింది, అంటే రెండు నెలలు. ఇంట్లోవాళ్ళు నాకు పిచ్చెక్కిందనుకున్నారు. ఇంకో పని, రోజూ రాత్రి దవడ మీద వేలితో తట్టుకుంటూ వచ్చేదాన్ని, ఎక్కడైతే పెరుగుతున్న నరం కొస ఉంటుందో అక్కడ తడితే జివ్వుమంటుంది, 1915లో జూల్స్ టినెల్ యుద్ధంలో గాయపడ్డ సైనికుల్లో చూసి చెప్పిన గుర్తు అది. ఎముక లోపల ఉన్నంతసేపు ఏమీ తెలీలేదు, తొమ్మిదో వారం అనుకుంటా, గడ్డం పక్కన తడితే పెదవి అంచున చీమ పాకినట్టు అయ్యింది. ఆ రాత్రి ఎంతసేపు తట్టుకున్నానో.

నా అదృష్టం ఏంటంటే నరం సొరంగంలో ఉండటం. చుట్టూ ఎముక గోడలు ఉన్నాయి కాబట్టి కొసలు పక్కకి జరగవు, బయటి మచ్చ కణజాలం లోపలికి దూరడం కష్టం, పెరిగే నరానికి దారి తప్పే చాన్స్ తక్కువ. అక్కడే పక్కన మెత్తటి కండలో వెళ్ళే నాలుక నరానికి ఆ రక్షణ లేదు, తెగితే కొసలు దూరంగా ముడుచుకుపోతాయి, దానికి తగ్గే అవకాశాలు కూడా తక్కువే.

ఇది చదివినప్పుడే నాకు వెలిగింది, ఇది మా కర్చీఫ్ కథే కదా అని. చెయ్యో కాలో తెగినప్పుడు నరానికి మధ్యలో ముక్క ఎగిరిపోయిందనుకోండి, ఆ ఖాళీలోకి ముందొచ్చేది మచ్చ కణాలు, నరం చేరేసరికి అక్కడ గోడ కట్టేసి ఉంటుంది. మళ్ళీ నత్తా, మళ్ళీ పందెం. అందుకని గొట్టం పెడతారు, నరం కొసలు రెండూ చెరో వైపు దూర్చి కుట్టేస్తే లోపల ఎవరూ దూరకుండా దారి ఖాళీగా ఉంటుంది. ఈ ఆలోచన ఎంత పాతదంటే 1880ల్లోనే సున్నం తీసేసిన ఎముక గొట్టాలతో కుక్కల్లో ప్రయత్నించారు. 1980ల్లో స్వీడన్‌లోనే లుండ్‌బోర్గ్ ఎలకల కాలి నరానికి సిలికాన్ గొట్టం పెట్టి చూశారు, ఖాళీ 10 మిల్లీమీటర్లు ఉంటే నరం దాటేసింది, 15 ఉంటే దాటలేదు. అయిదు మిల్లీమీటర్ల తేడా. గొట్టంలో ముందు రక్తం గడ్డకట్టి ఫైబ్రిన్ తాడు ఒకటి రెండు కొసల మధ్య ఏర్పడాలి, దాన్ని పట్టుకునే ష్వాన్ కణాలు వస్తాయి, ఖాళీ ఎక్కువైతే ఆ తాడు మధ్యలో తెగుతుంది, పాపం ఎక్కడివాళ్ళు అక్కడే.

సిలికాన్ గొట్టం కూడా గోర్‌టెక్స్ లాంటిదే, కరగదు, నరం లావెక్కాక పీక పిసుకుతుంది. కాబట్టి కరిగే గొట్టాలు. కరిగే కుట్లు వేసే దారం ఉంటుంది చూడండి, పీజీఏ, దాంతోనే అల్లిన గొట్టానికి 1999లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ నుంచి అనుమతి వచ్చింది, ఆ తర్వాత కొల్లాజెన్ గొట్టాలూ, రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ గొట్టాలూ వచ్చాయి. ఎన్నొచ్చినా ఖాళీ గొట్టంతో మూడు సెంటీమీటర్లు దాటడం గగనం. అంతకంటే పెద్ద ఖాళీకి ఇవాళ్టికీ పిక్క వెనకాల నుంచి సూరల్ నరం అనేది తీసి అతికిస్తారు, పాదం పక్కన కాస్త స్పర్శ పోతుంది, ఒక చోట నుంచి అప్పు తెచ్చి ఇంకో చోట కట్టడం. మేం ఎన్ని గొట్టాలు చేసినా ఆ అప్పుని ఇంకా కొట్టలేకపోతున్నాం, ఒప్పుకోవాలి.

అందుకే గొట్టం లోపల దారాలు నింపే పని జరుగుతోంది. ఎలక్ట్రోస్పిన్నింగ్‌లో రేకుకి బదులు గిర్రున తిరిగే డ్రమ్ము పెడితే దారాలన్నీ దువ్వినట్టు ఒకే వైపుకి పడతాయి, వాటి మీద ష్వాన్ కణాల్ని వేస్తే అవీ అదే వైపుకి సాగుతాయి. మా పక్క బెంచీ వాళ్ళది ఈ పనే, ఒకే మెషీన్ కోసం రోజూ గొడవ, వాళ్ళకి డ్రమ్ము కావాలి నాకు రేకు కావాలి. ఓ రోజు డ్రమ్ము తీయడం మర్చిపోయి నా మెంబ్రేన్ స్పిన్ చేసేశా, పారేద్దామనుకుని సరదాకి లిగమెంట్ కణాలు వేసి చూస్తే అవి కూడా వరసగా నిలబడ్డాయి. ఆలోచిస్తే సబబే, పంటి తాళ్ళకీ ఓ దిక్కు కావాలి కదా, వేరు నుంచి ఎముక వైపుకి. ఆ పొర ఇంకా నా డ్రాయర్లో ఉంది, దాన్నుంచి ఏదన్నా వస్తుందేమో చూడాలి.

చిగుళ్ళకీ నరాలకీ చుట్టరికం ఇంకా లోతుగా ఉంది. పిండంలో న్యూరల్ క్రెస్ట్ అని ఒక కణాల గుంపు ఉంటుంది, ష్వాన్ కణాలు పుట్టేది దాన్నుంచే, పంటి గుజ్జూ లిగమెంటూ చాలావరకు పుట్టేది కూడా దాన్నుంచే. పంటి గుజ్జులో మూలకణాలున్నాయని 2000లో, పాలపళ్ళలో ఉన్నాయని 2003లో, లిగమెంట్లో ఉన్నాయని 2004లో తేలింది. 2014లో స్వీడన్‌లోని కరోలిన్స్కా వాళ్ళు (స్వీడన్ వాళ్ళకి పళ్ళతో ఏంటో ఈ అనుబంధం) ఎలకల ముందు పళ్ళలో ఇంకో వింత చూశారు, నరం మీదున్న ష్వాన్ జాతి కణాలే దిగొచ్చి పంటి గుజ్జు కణాలుగా మారుతున్నాయని. అంటే నరం పంటికి కబురందించే తీగ మాత్రమే కాదు, పన్ను కట్టడానికి కూలీల్ని కూడా పంపిస్తోంది. ఇటు తిప్పి చూస్తే, మనుషుల చిగుళ్ళ నుంచి తీసిన మూలకణాలతో నరం ముక్కలు 3డీ ప్రింట్ చేసి ఎలకల మొహం నరానికి పెట్టి, అది తిరిగి పెరగడానికి సాయపడ్డాయని పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్ళు 2018లో చూపించారు.

ఇది చదివి ఎవరూ పాలపళ్ళు దాచే బ్యాంకుల వైపు పరిగెత్తకండి. ఎలకల నరాలు మన నరాల కంటే తేలిగ్గా పెరుగుతాయి, దాటాల్సిన దూరమూ చిన్నదే, ఎలకలో గెలిచింది మనిషిలో గెలవడానికి మధ్య ఎన్ని శవాలు పడి ఉంటాయో ఈ ఫీల్డులో ఉన్నవాళ్ళకి తెలుసు. జింజిపెయిన్లు అల్జీమర్స్ వచ్చినవాళ్ళ మెదడులో దొరికాయని 2019లో పేపర్ వచ్చినప్పుడు ఎంత హడావుడో గుర్తుందా, పళ్ళు తోమకపోతే మతిమరుపు అని ఫార్వర్డులు. ఆ ఎంజైముని ఆపే మందుతో చేసిన ట్రయల్ 2021లో అనుకున్న ఫలితం చూపించలేకపోయింది. దాని మీద ఒక్క ఫార్వర్డూ రాలేదు నాకు.

నా సంగతికొస్తే, మొన్నటి కుర్చీ తర్వాత రెండు సిట్టింగుల్లో చిగురు కింద లోతుగా క్లీనింగ్ చేశారు, మత్తిచ్చి. గార తీస్తే పళ్ళు వదులవుతాయనే భయం చాలామందికి ఉంటుంది, గార పళ్ళని పట్టుకుని ఏమీ లేదు, ఎముక ముందే కరిగిపోయిన ఖాళీలో అది సిమెంటులా కూర్చుని ఉంటుంది, తీస్తే నిజం బయటపడుతుంది. వాపు దిగాక నాకు చిగుళ్ళు కాస్త కిందకి జారి పళ్ళు పొడుగ్గా కనపడుతున్నాయి, చల్లటి నీళ్ళు జివ్వుమంటున్నాయి. సందుల్లోకి దూరే చిన్న బ్రష్షులిచ్చారు, రోజూ రాత్రి అదో అరగంట సేవ అనుకున్నా గానీ నాలుగు నిమిషాలే.

రెండు నెలలకి మళ్ళీ కొలిచారు. "మూడు, రెండు, మూడు. మూడు, రెండు, మూడు. మూడు, మూడు..." అక్కడ ఆగారు. ఇంకోసారి దింపి చూశారు. "ఐదు."

ఆ ఒక్క చోట ఎక్స్‌రేలో ఎముక నిలువునా గాడిలా కరిగుంది, అలాంటి గాడికి తెరిచి మెంబ్రేన్ వేస్తే బాగా పనిచేసే అవకాశం ఉంటుందన్నారు. కొల్లాజెన్‌దే వేస్తారట. ఎన్ని వారాలకి కరుగుతుందండీ అది అనడిగా, కంపెనీ కాగితం తీసి చూసి చెప్తానన్నారు. నేను కుడి పెదవి మీద వేలితో తట్టుకుంటూ కూర్చున్నా, అంచున ఓ చోట ఇంకా తిమ్మిరే, రూపాయి బిళ్ళలో సగం ఉంటుంది.